30 కిలోమీటర్లు ఫ్రీ, 4 కిలోమీటర్లకు 150

ఈ లెక్క మా అమ్మది. మా పుట్టిల్లు దివిసీమలో, అవనిగడ్డకి నాలుగు కిలోమీటర్లు లోపలగా ఉంటుంది. అమ్మకి షుగరు, కంటి చూపు కూడా తగ్గింది. నెలకి రెండుసార్లు బందరు రావాలి. అవనిగడ్డ బస్టాండులో పల్లెవెలుగు ఎక్కిందంటే మోపిదేవి, చల్లపల్లి మీదుగా మా ఊరు వచ్చేస్తుంది. 30 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. 2025 ఆగస్టు 15 నుంచి దానికి పైసా ఇవ్వక్కర్లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. అమ్మ ఆ సున్నా టికెట్లన్నీ పర్సులో మడిచి దాస్తుంది, ఎందుకని అడిగితే "ప్రభుత్వం ఇచ్చింది కదే, పారేస్తామా" అంటుంది.

మరి ఇంటి దగ్గర నుంచి అవనిగడ్డ బస్టాండు దాకా? పొద్దున ఎనిమిదింటికి బజారుకి వెళ్ళే జనంతో ఒక షేర్ ఆటో బయల్దేరుతుంది. అది దొరికితే ఇరవై రూపాయలు. అది పోయిందా, ఇక ఆటో మొత్తం మాట్లాడుకోవాల్సిందే. నూట యాభై. సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడైతే షేర్ ఆటో మాటే లేదు, ఎప్పుడూ నూట యాభయ్యే. రెండువైపులా షేర్ ఆటో అందని నెలలో అమ్మకి వచ్చే నాలుగు వేల పింఛనులోంచి ఆరు వందలు ఆ నాలుగు కిలోమీటర్ల రోడ్డుకే పోతాయి. అందుకని ఈమధ్య "ఈ నెల ఒక్కసారే వస్తాలేవే, మందులు ఉన్నాయిగా" అంటోంది. మందులు ఉన్నాయి నిజమే. డాక్టరు రెండుసార్లు రమ్మన్నది మందుల కోసం కాదు, కంటి కోసం.

ఇదంతా చెప్తున్నానని నేను ఉచిత బస్సుకి వ్యతిరేకిననుకునేరు. అస్సలు కాదు. స్త్రీశక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఎంతమంది ఆడవాళ్ళు కనిపిస్తున్నారో మీరూ చూస్తున్నారు. ఏడాదికోసారి పెళ్ళికో పేరంటానికో తప్ప గడప దాటని మా వీధి ఆవిడ ఒకరు, ఇప్పుడు నెలకోసారి గుడివాడలో ఉన్న కూతురిని చూసొస్తున్నారు. అల్లుడి ముందు చెయ్యి చాపక్కర్లేదు, మొగుడిని అడగక్కర్లేదు. ఆ స్వేచ్ఛ విలువ లెక్కలు రాసేవాళ్ళకి అర్థం కాదేమోగానీ మనకి అర్థమవుతుంది. నా గొడవల్లా ఒక్కటే. బస్సు వెళ్ళే చోటే ఫ్రీ. బస్సు వెళ్ళని చోట ఉన్నవాళ్ళకి ఆ ఫ్రీ దాకా వెళ్ళడానికే డబ్బులు కావాలి. బస్సు దొరకడం అంత కష్టంగా ఉన్న ఊళ్ళు ఎవరివి? లోపలి ఊళ్ళవాళ్ళవి, కాలవ గట్ల మీద ఉండేవాళ్ళవి. అంటే ఎవరికి బాగా అవసరమో వాళ్ళకే అందడం లేదు.

ఈ ఆలోచన నాకు గట్టిగా పట్టుకున్నది మా చెల్లెలి కొడుకు మాటల వల్ల. చెల్లెలిది గుడివాడ. పిల్లాడు ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళాడు. టెక్సాస్‌లో డల్లాస్ పక్కన ఆర్లింగ్టన్ అని ఊరు, మన తెలుగు పిల్లలు అక్కడ బోలెడంతమంది. దాదాపు 4 లక్షల జనాభా. అంత ఊళ్ళో మనలాగా సిటీ బస్సుల్లేవట! నేను నమ్మలేదు. రవాణా కోసం పన్ను వేద్దామా అని 1980లో, 1985లో, 2002లో మూడుసార్లు ఓటింగు పెడితే మూడుసార్లూ ఊరివాళ్ళు వద్దన్నారట. చివరికి ఉన్న ఒక్క బస్సు సర్వీసు కూడా ఆపేసి, 2017 డిసెంబరులో ఊరి పాలకసంస్థే ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుని వ్యాన్లు దింపింది. 2021కల్లా ఊరంతటికీ వచ్చాయి.

అది ఎలా పనిచేస్తుందో మావాడు వీడియో కాల్‌లో చూపించాడు. "పెద్దమ్మా, నేను ఎక్కడున్నానో, ఎక్కడికెళ్ళాలో ఫోన్లో చెప్తాను. ఫలానా మలుపు దగ్గరకి నడిచి రా, ఇన్ని నిమిషాల్లో వ్యాను వస్తుంది అని చెప్తుంది." వచ్చిన వ్యానులో అప్పటికే ఇద్దరో ముగ్గురో అటువైపు వెళ్ళేవాళ్ళుంటారు. దారిలో ఇంకొకరు ఎక్కుతారు, ఒకరు దిగుతారు. దూరాన్ని బట్టి మూడు నుంచి ఐదు డాలర్లు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళు మామూలు ఫోన్ చేసి చెప్పినా వస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళని ఎక్కించుకునే బండ్లు కూడా ఉన్నాయి. ఖర్చులో కొంత ఊరు, కొంత అక్కడి కేంద్ర ప్రభుత్వం పెట్టుకుంటాయి.

అంతా విని మా చెల్లెలు పకపకా నవ్వింది. "ఇదేగా మన షేర్ ఆటో! దీనికి అమెరికా దాకా వెళ్ళాలిటే?"

నిజమే కదా. ఒకరి బండిలో అటువైపు వెళ్ళే నలుగురు ఎక్కడం, ఎక్కడ చెయ్యి ఎత్తితే అక్కడ ఆపడం, తలా కాస్త ఇచ్చుకోవడం... వాళ్ళకి కంప్యూటరు చేసి పెడుతున్న పనిని మన కోనేరు సెంటర్లో "చిలకలపూడి, చిలకలపూడి" అని అరిచే కుర్రాడు ఎప్పటినుంచో నోటితో చేస్తున్నాడు. ఇంకా వెనక్కి వెళ్తే బందరు కాలవలో పడవలు తిరిగిన రోజుల్లో కూడా అంతే. రేవులో నిలబడి కేకేస్తే పడవ ఒడ్డుకి వచ్చేదని మా తాతయ్య చెప్పేవారు. దివిసీమలో ఏటిమొగ దగ్గర ఎదురుమొండి వెళ్ళేవాళ్ళకి ఇప్పటికీ పంటే దిక్కు. మనుషులు, మోటారు సైకిళ్ళు, గడ్డిమోపులు, అన్నీ ఆ పంటు మీదే. కాబట్టి పంచుకుని ప్రయాణించడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

కానీ రెండింటికీ ఒక్క తేడా ఉంది. ఆ తేడాలోనే మన ఆడవాళ్ళ బతుకంతా ఉంది.

అక్కడి వ్యాను నువ్వు పిలిస్తే కదులుతుంది. ఇక్కడి ఆటో నిండితే కదులుతుంది. నేను ఎక్కేసరికి ఇద్దరే ఉంటే, మిగతా నలుగురు దొరికేదాకా ఎండలో కూర్చోవాలి. అవును, నలుగురు. ముగ్గురు కూర్చోవాల్సిన ఆటోలో వెనక నలుగురు, ముందు డ్రైవరుకి అటొకరు ఇటొకరు. నేను ఒకసారి కాగితం మీద లెక్క వేశాను. కూరగాయలకి, బ్యాంకుకి, అబ్బాయి ట్యూషనుకి, ఆస్పత్రికి అన్నీ కలిపి వారానికి నాలుగుసార్లు బయటికి వెళ్తాను. వెళ్ళేటప్పుడు పావుగంట, వచ్చేటప్పుడు పావుగంట ఆటో నిండడానికి ఎదురు చూస్తాను. అంటే వారానికి రెండు గంటలు. ఏడాదికి 104 గంటలు. నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రులు, ఆపైన ఎనిమిది గంటలు! మా ఆయనకి ఈ లెక్క చూపిస్తే "ఇంట్లో ఉండేదానివేగా, తొందరేముంది" అన్నారు. ఆ రోజు ఆయనకి కాఫీ ఎంత ఆలస్యంగా అందిందో ఇక్కడ చెప్పను.

అసలు మగవాళ్ళకి ఈ బాధ ఎందుకు తెలియదంటే బండి వాళ్ళ దగ్గర ఉంటుంది కాబట్టి. మా ఇంట్లో ఉన్నది ఒక్క స్కూటరు. అది పొద్దున తొమ్మిదింటికి ఆయనతో పాటు ఆఫీసుకి వెళ్ళిపోతుంది. పోనీ ఉన్నా, మోకాళ్ళ నొప్పులతో ఉన్న అమ్మని దాని మీద ఎక్కించి గుంటల్లో తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు.

ముందు సీటు సంగతి కూడా చెప్పాలి. కాలేజీ ఆడపిల్ల ఒక్కతే వచ్చి, వెనక ఖాళీ లేకపోతే డ్రైవరు పక్కన అర సీటులో సర్దుకుంటుంది. ఒక కాలు బయటికి. పుస్తకాల సంచి ఛాతీకి అడ్డంగా పట్టుకుని. సంచి ఎందుకు అలా పట్టుకుందో చూసిన ప్రతి ఆడదానికీ తెలుసు. డ్రైవర్లంతా చెడ్డవాళ్ళని కాదు, చాలామంది తమ్ముళ్ళలాంటి వాళ్ళే. మా వీధి అతనైతే చీకటిపడ్డాక ఆడపిల్ల గేటు తీసుకుని లోపలికి వెళ్ళేదాకా లైటు వేసి ఉంచుతాడు. కానీ పిల్ల క్షేమం ఆ రోజు దొరికిన డ్రైవరు మంచితనం మీద ఆధారపడకూడదు కదండీ. రాత్రి ఎనిమిది దాటితే అదీ ఉండదు. షేర్ ఆటోలు ఉండవు. మొత్తం ఆటో మాట్లాడుకోవాలి, అడిగినంత ఇవ్వాలి, ఒక్కతే ఎక్కాలి. అందుకే బందరులో ఎంతమంది అమ్మలు "సాయంత్రం క్లాసులు వద్దులే" అని పిల్లల చదువు దగ్గర రాజీ పడిపోయారో! ఉద్యోగం విషయంలోనూ అంతే. బట్టల కొట్లో పనిచేసే అమ్మాయికి తొమ్మిదింటికి కొట్టు కడతారు. ఆవిడ జీతంలోంచి ఇంటికెళ్ళే దారికి ఎంత పోతుందో ఎవరైనా అడిగారా?

చట్టం సంగతి అడిగితే ఇంకా విచిత్రం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆటో అనేది కాంట్రాక్టు బండి. ఒకరు మాట్లాడుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళడానికే. దారిలో మనిషికింత అని ఎక్కించుకుంటూ దించుకుంటూ వెళ్ళడానికి అనుమతి లేదు. అంటే మనం రోజూ ఎక్కే షేర్ ఆటో కాగితాల మీద లేనే లేదు. లేనిదానికి ఛార్జీ ఎవరు నిర్ణయిస్తారు, వేళలు ఎవరు పెడతారు, తప్పు జరిగితే ఎవరిని అడుగుతాం? ఊరంతా దాని మీదే నడుస్తోంది, ఊరిని నడిపేవాళ్ళకి మాత్రం అది కనిపించదు.

"మున్సిపాలిటీ మనుషుల్ని మోయడమేమిటి, విడ్డూరం" అంటారేమో. మా వీధికి రోజూ పొద్దున్నే పాట పెట్టుకుని చెత్తబండి వస్తుంది. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు. 2021 జనవరి నుంచి 2025 మే ఆఖరు దాకా రేషను బండి వీధి చివరికి వచ్చి బియ్యం ఇచ్చింది. 108 సంగతి సరే సరి, 2005 నుంచీ ఫోను చేస్తే వస్తోంది. ప్రసవమైన తల్లినీ బిడ్డనీ ఆస్పత్రి నుంచి ఇంటి దగ్గర దించడానికి ప్రభుత్వమే బండి పెట్టింది. చెత్త కోసం బండి వస్తుంది, బియ్యం కోసం బండి వచ్చింది, పురిటికి వస్తుంది, ప్రాణం మీదకొస్తే వస్తుంది. ప్రాణం మీదకి రాకముందే డాక్టరు దగ్గరకి వెళ్దామంటే మాత్రం రాదు.

నాకేమీ అద్దాల వ్యాన్లు, ఏసీలు అక్కర్లేదు. కొత్త బండ్లే అక్కర్లేదు. ఉన్న ఆటోలే చాలు. మన మచిలీపట్నం నగరపాలక సంస్థ, గుడివాడ పురపాలక సంఘం, అవనిగడ్డ వైపైతే మండలం వాళ్ళు, కొన్ని ఆటోలతో ఒప్పందం చేసుకుంటే చాలంటున్నాను. సవారీకి ఇంత అని కాకుండా గంటకి ఇంత అని డ్రైవరుకి ఇవ్వాలి. కీలకమంతా అక్కడే ఉంది. గంటకి కూలి గిట్టితే ఆటో నిండేదాకా ఆగాల్సిన పని అతనికి లేదు, ముగ్గురి చోట ఆరుగురిని కుక్కాల్సిన పనీ లేదు. పిలవడానికి ఒక ఫోను నంబరు ఉండాలి. యాప్ కూడా పెట్టుకోండి, కాదనను, కానీ యాప్ ఒక్కటే పెడితే మా అమ్మలాంటి వాళ్ళు మళ్ళీ గట్టు మీదే నిలబడతారు. బస్సు వేళలకి తగ్గట్టు లోపలి ఊళ్ళ నుంచి మనుషుల్ని తెచ్చి దించాలి. ఛార్జీ ఇరవయ్యో ముప్పయ్యో ముందే రాసి అంటించాలి. రాత్రి పదింటి దాకా తిరగాలి.

ఇంకో మాట, చేపల తట్ట. గిలకలదిండి నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే అక్కల్ని వాసనని చెప్పి ఎక్కించుకోనివాళ్ళు ఎంతమందో. వాళ్ళు తెల్లారకుండా బయల్దేరకపోతే మన మధ్యాహ్నం పులుసు ఎక్కడిది? ఆటోలవాళ్ళే నయం, వెనక కట్టుకుని తీసుకొస్తారు. ప్రభుత్వం పెట్టే బండి అయితే తట్టకి చోటు ఉండి తీరాలి. పద్ధతిగా పెట్టాం అని చెప్పి శుభ్రంగా ఉన్నవాళ్ళకి మాత్రమే పెట్టేస్తారేమోనని నా భయం.

డ్రైవర్ల గోడు కూడా వినండి. ఉచిత బస్సు వచ్చాక పెడన రోడ్డు, గుడివాడ రోడ్డు లాంటి మెయిన్ రోడ్ల మీద ఆటోలకి ఆడ సవారీలు తగ్గాయి. అది అందరికీ కనిపిస్తున్నదే. అందుకే 2025 అక్టోబరు 4న ప్రభుత్వం 'ఆటో డ్రైవర్ సేవలో' అని సుమారు 2.9 లక్షల మంది డ్రైవర్లకి తలా 15 వేలు వేసింది. మంచిదే. మా వీధి అతనికీ పడ్డాయి. "పిల్లల ఫీజుకి సరిపోయాయక్కా. బండి వాయిదా మాత్రం నెలనెలా వస్తుందిగా" అన్నాడు. ఏడాదికి 15 వేలంటే నెలకి 1250. ఆ డబ్బు ఊరికే చేతిలో పెట్టే బదులు, దానికి ఇంకొంత కలిపి, బస్సు వెళ్ళని దారుల్లో తిరగమని అతనికి పనిగా ఇస్తే? అతనికీ గౌరవం, మా అమ్మకీ బండి. ఇప్పుడు ఒక చేత్తో సవారీ తీసి ఇంకో చేత్తో సాయం ఇస్తున్నారు.

మా చెల్లెలు దీనికి పూర్తిగా ఒప్పుకోదు. గుడివాడలో నెహ్రూ చౌక్ దగ్గర ఉన్న ఆటోలకే దారి లేదు, రైల్వే గేటు పడితే అరగంట కదలదు, ఇంకా బండ్లు తెచ్చి ఏం చేస్తావంటుంది. దాని మాటలో న్యాయముంది. ఇలాంటి పిలుపు బండి ఎంత తిరిగినా గంటకి కొద్దిమందినే మోయగలదు, ఎందుకంటే ఒక్కొక్కరిని ఒక్కో మలుపు దగ్గర ఎక్కించుకోవాలి. బస్సైతే జనం పెరిగేకొద్దీ మనిషికి ఖర్చు తగ్గుతుంది. దీనికి జనం పెరిగితే ఇంకో బండి పెట్టాలి. కాబట్టి బందరు నుంచి గుడివాడకి, అవనిగడ్డకి వెళ్ళే పెద్ద దారుల్లో బస్సే ఉండాలి, ఇంకా ఎక్కువ బస్సులుండాలి. ఆటో ఆ బస్సుకి కాలవకి బోదెలాగా ఉండాలి. కృష్ణ నీళ్ళు పెద్ద కాలవలో ఎంత పారినా బోదె లేకపోతే చివరి చేను ఎండాల్సిందేనని మన డెల్టా వాళ్ళకి ఎవరైనా చెప్పాలా?

అమెరికాలోనే నార్త్ కరోలినాలో విల్సన్ అని చిన్న ఊరుంది. యాభై వేల లోపు జనం. 2020లో ఊరి బస్సులన్నీ తీసేసి పిలుపు వ్యాన్లే పెట్టుకుంది. మన బందరులో 2011 లెక్కల ప్రకారమే 1.7 లక్షల మంది, గుడివాడలో 1.18 లక్షల మంది. ఊరు చిన్నదని వాళ్ళు వదిలేయలేదు, మనం పెద్దవాళ్ళమై ఉండి ఎందుకు ఆగాలి? అయితే వాళ్ళలాగా బస్సులు తీసేసే పని మాత్రం మనకొద్దు.

"డబ్బెవరిస్తారు" అన్నది మా ఆయన ఆఖరి ప్రశ్న. ఊరంతా ఒక్కసారే పెట్టమని ఎవరన్నారు? ముందు ఒక్క దారిలో, పది ఆటోలతో, ఆరు నెలలు చేసి చూడమనండి. దివిసీమలో లోపలి ఊళ్ళ నుంచి అవనిగడ్డ బస్టాండు దాకా ఒకటి, బందరులో కోనేరు సెంటరు నుంచి రాత్రిపూట ఒకటి. ఎంతమంది ఎక్కారో, ఎంత ఖర్చయిందో గోడ మీద అంటించండి. ఎవరూ ఎక్కకపోతే తీసేయండి, నేనే వచ్చి ఆ కాగితం చింపుతాను.

మా వీధిలో ఆరుగురం కూర్చుని ఈ మాటలన్నీ ఒక అర్జీగా రాశాం. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు కదా, అక్కడ ఇద్దామని. నా తెలుగు బీయ్యే ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది. "ఆడవారి సౌకర్యార్థం" అని మొదలుపెట్టాను. ఎదురింటి మాస్టారు సంతకం కోసం తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివారు. ఆయనకి డెబ్భై నాలుగేళ్ళు, బస్సులో పెద్దవాళ్ళకిచ్చే పాతిక శాతం రాయితీ తప్ప ఇంకేమీ రాదు, బస్టాండు దాకా నడవలేరు. "ఆడవారి" పక్కన పెన్నుతో "మరియు వృద్ధుల" అని రాసి, దాని కింద సంతకం పెట్టి ఇచ్చారు.